ఊపిరితిత్తుల ఆపరేషన్ తర్వాత ఎక్స్‌రేలు, స్కాన్‌లు: ఏది మానడం, ఏది ముప్పు?

ఒక ఊపిరితిత్తిని పూర్తిగా తీసేసిన రోగికి ఆపరేషన్ రోజు తీసిన ఎక్స్‌రేలో ఆ పక్క ఛాతీ నల్లగా కనిపిస్తుంది. అక్కడ మిగిలింది గాలి మాత్రమే. వారం తిరిగేసరికి ఆ నలుపులో సగానికి పైగా తెల్లబడుతుంది. కొన్ని నెలలకు ఆ పక్కంతా తెల్లగా అయిపోతుంది. ఫిల్మును వెలుతురుకు ఎత్తి చూసే ఇంట్లోవాళ్ళకు ఇది గుండె ఝల్లుమనే దృశ్యం. ఛాతీ ఎక్స్‌రేలో నలుపు మంచిది, తెలుపు జబ్బు అని అందరూ వినే ఉంటారు. ఇక్కడ ఆ లెక్క తిరగబడుతుంది. తెల్లబడటం శరీరం మానుతోందనడానికి గుర్తు. ఒకసారి తెల్లబడిన చోట మళ్ళీ గాలి నల్లగా కనిపిస్తే భయపడాలి.

ఊపిరితిత్తుల సర్జరీ తర్వాత తీసే ఎక్స్‌రేలు, స్కాన్‌లు అర్థం కావాలంటే ముందు ఈ సంగతి పట్టుబడాలి. ఆపరేషన్‌తో ఛాతీ లోపలి అమరిక మారిపోతుంది. అక్కడ ఏది మామూలో, ఏది కాదో చెప్పాలంటే ఏ ఆపరేషన్ జరిగింది, ఇది ఎన్నో రోజు, నిన్నటి ఫిల్ములో ఏముంది అన్నవి తెలియాలి. ఇవేవీ చెప్పకుండా ఒక్క ఫిల్మును చేతికిచ్చి తీర్పు అడిగితే పెద్ద రేడియాలజిస్టు కూడా తడబడవచ్చు. అవే ఫిల్ములు వరసగా పెడితే చిన్న మార్పు కూడా కంటికి తగులుతుంది.

కుడి ఊపిరితిత్తిలో మూడు లోబ్‌లు (పెద్ద భాగాలు), ఎడమదానిలో రెండు ఉంటాయి. జబ్బు ఎంత మేరకు ఉందో చూసి అంచున ఒక ముక్క తీస్తారు, లేదా ఒక లోబ్‌ను మొత్తంగా తీస్తారు (లోబెక్టమీ), తప్పనిసరైతే ఒక పక్క ఊపిరితిత్తినే తీసేస్తారు (న్యుమోనెక్టమీ). క్యాన్సర్ కోసం ఒక పక్క ఊపిరితిత్తిని మొత్తం ఒకే విడతలో తీసి రోగిని బతికించిన తొలి ఆపరేషన్ 1933లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో జరిగింది, చేసింది సర్జన్ ఎవర్ట్స్ గ్రాహం. ఆ రోగి కూడా డాక్టరే. ఆపరేషన్ తర్వాత ఆయన ఎన్నో ఏళ్ళు బతికారు. మన దేశంలో ఈ ఆపరేషన్లు క్యాన్సర్‌కే పరిమితం కావు. ప్రపంచంలోని టీబీ కేసుల్లో దాదాపు నాలుగో వంతు ఇక్కడే ఉన్నాయి. టీబీ తగ్గినా పాడైపోయి మిగిలిన ఊపిరితిత్తి, అందులోని గుల్లల్లో పెరిగే ఫంగస్ ముద్ద, శ్వాసనాళాలు పాడై వెడల్పయి పదే పదే రక్తం కక్కించే బ్రాంకియెక్టాసిస్, ఇవన్నీ మన సర్జన్ల దగ్గరికి వచ్చే కేసులే. ఏళ్ళ తరబడి ఇన్ఫెక్షన్ నలిపిన ఊపిరితిత్తి ఛాతీ గోడకు గట్టిగా అతుక్కుపోయి ఉంటుంది. దాన్ని విడదీసేటప్పుడు రక్తం ఎక్కువ పోతుంది, ఊపిరితిత్తి పైపొర చిరిగి గాలి కారే అవకాశం కూడా పెరుగుతుంది. అందుకే ఆపరేషన్ తర్వాతి నిఘా ఇలాంటి రోగులకు మరీ ముఖ్యం.

ఖాళీ అయిన పక్క

న్యుమోనెక్టమీ తర్వాత ఖాళీ అయిన చోటును శరీరం అలాగే వదిలెయ్యదు. ఛాతీ పొరల నుంచి ఊరే ద్రవం మెల్లగా ఆ గదిలోకి చేరుతుంది. మొదటి రోజుల్లో ద్రవం మట్టం రోజుకు ఒకటి రెండు పక్కటెముకల సందుల చొప్పున పైకి వస్తుంది. నిటారుగా కూర్చోబెట్టి తీసిన ఎక్స్‌రేలో కింద తెలుపు, పైన నలుపు, మధ్యలో స్కేలు పెట్టి గీసినట్టు సమతలంగా ఉండే గీత కనిపిస్తాయి. తొలి వారంలో సగం నుంచి మూడింట రెండు వంతుల దాకా నిండుతుంది. పూర్తిగా నిండటానికి మామూలుగా రెండు నుంచి నాలుగు నెలలు పడుతుంది, కొందరిలో ఇంకా ఎక్కువే. ఈలోగా గుండె, శ్వాసనాళం (గొంతు నుంచి దిగే పెద్ద గాలి గొట్టం) ఆపరేషన్ జరిగిన వైపుకు కొద్దికొద్దిగా జరుగుతాయి. ఆ వైపు డయాఫ్రమ్ (ఛాతీకి, పొట్టకు మధ్య ఉండే కండరపు పొర) పైకి లేస్తుంది, పక్కటెముకలు దగ్గరవుతాయి. మిగిలిన ఊపిరితిత్తి కాస్త ఉబ్బి తన భాగం కూడా ఆక్రమించుకుంటుంది.

ఈ క్రమంలో రెండు విషయాలను డాక్టర్లు ప్రతి ఫిల్ములో వెతుకుతారు. ఒకటి, ఆ గీత ఎక్కడుంది? రెండు, శ్వాసనాళం ఏ వైపు జరిగింది?

గీత ఎప్పుడూ పైకే పోవాలి. అది అంతకుముందు ఫిల్ములో ఉన్నదానికంటే రెండు సెంటీమీటర్లు అటూ ఇటుగా కిందికి దిగితే బ్రాంకోప్లూరల్ ఫిస్టులాను అనుమానిస్తారు. అంటే ఆ ఊపిరితిత్తికి పోయే శ్వాసనాళపు కొమ్మను కోసి కుట్టగా మిగిలిన కొస, అంటే మొండెం దగ్గర కుట్టు విడిపోయి, అక్కడి నుంచి గాలి ఖాళీ గదిలోకి, గదిలోని ద్రవం శ్వాసనాళంలోకి పోతోందన్నమాట. ద్రవం బయటకు పోతోంది కాబట్టే గీత దిగింది. ఆ ద్రవం పోయేది ఎక్కడికో కాదు, రోగి బతుకుతున్న ఆ ఒక్క ఊపిరితిత్తిలోకే. అందువల్ల గీత దిగడంతో పాటు రెండో వైపు ఊపిరితిత్తిలో కొత్తగా మచ్చలు కనిపిస్తే ఇక ఆలస్యం చేయకూడదు. రోగికి ఉన్నట్టుండి దగ్గు పెరుగుతుంది, నీళ్ళలాంటి, కొద్దిగా ఎర్రటి కఫం పడుతుంది. ఆపరేషన్ జరిగిన వైపు కిందికి వచ్చేలా రోగిని వెంటనే ఒత్తిగిలి పడుకోబెట్టడం తొలి చికిత్స. మంచి ఊపిరితిత్తి పైన ఉంటే ద్రవం అందులోకి జారదు.

ఈ చిక్కు కుడివైపు న్యుమోనెక్టమీలో ఎక్కువ. ఎడమవైపు శ్వాసనాళపు మొండెం బృహద్ధమని కింద, మధ్య ఛాతీ కణజాలంలో కొంత దాగి ఉంటుంది. కుడివైపు మొండెం ఖాళీ గదిలోకి తెరిచినట్టుగా ఉంటుంది, దానికి అందే రక్తం కూడా తక్కువ. అందుకే సర్జన్లు చాలాసార్లు పక్కటెముకల మధ్య కండరాన్నో, గుండె దగ్గరి కొవ్వునో తెచ్చి ఆ మొండెం మీద కప్పుతారు. చిన్న ఫిస్టులా ఎక్స్‌రేకు దొరక్కపోవచ్చు. పలుచటి పొరలుగా తీసిన సీటీలో మొండెం నుంచి గదిలోకి పోయే సన్నని గాలి దారి, దాని చుట్టూ గాలి బుడగలు కనిపిస్తాయి. అక్కడా తేలకపోతే శ్వాసనాళంలోకి సన్నని కెమెరా గొట్టం పంపే బ్రాంకోస్కోపీతో నేరుగా చూస్తారు.

ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. నిన్న కూర్చోబెట్టి, ఇవాళ సగం పడుకోబెట్టి తీస్తే గీత మట్టం మారినట్టు కనిపిస్తుంది. పూర్తిగా పడుకోబెట్టి తీస్తే గీతే కనిపించదు. ద్రవం వీపు వైపు పరుచుకుని ఆ పక్కంతా బూడిద రంగుగా వస్తుంది. ఫిల్ము మీద రోజు, సమయం, రోగి ఉన్న భంగిమ రాయడం చిన్న పనిలా అనిపిస్తుంది. అది లేని ఫిల్ముతో పోల్చి ఫిస్టులా ఉందని, లేదని చెప్పడం మాత్రం సాధ్యం కాదు.

శ్వాసనాళం ఆపరేషన్ వైపుకు జరగడం మామూలు. ఎదురు వైపుకు జరిగిందంటే ఖాళీ గదిలో ఏదో మరీ వేగంగా నిండి, గుండెను అవతలికి తోస్తోందని అర్థం. తొలి రోజుల్లో అయితే ముందు రక్తస్రావాన్ని అనుమానిస్తారు. జ్వరంతో, తెల్ల కణాలు పెరిగి, కాస్త ఆలస్యంగా వస్తే చీము. కొన్ని వారాల తర్వాత సీటీలో చూస్తే మామూలుగా ఆ గది లోపలి అంచు లోపలికి వంగి ఉండాలి. అది గుండె వైపుకు ఉబ్బి ఉంటే లోపల చీమో, తిరగబెట్టిన క్యాన్సరో ఉందేమోనని వెతకాలి.

ఇంతకంటే అరుదైనది, ఇంతకంటే వేగంగా ప్రాణం తీసేది మరొకటి ఉంది. న్యుమోనెక్టమీలో కొన్నిసార్లు గుండె చుట్టూ ఉండే పెరికార్డియం పొరను కూడా తెరవాల్సి వస్తుంది. ఆ కంత గుండా గుండె ఖాళీ పక్కకు జారిపోయే ప్రమాదం ఉంది. చాలావరకు ఇది మొదటి 24 గంటల్లోనే జరుగుతుంది. గట్టిగా దగ్గినప్పుడు, రోగిని ఆపరేషన్ వైపుకు తిప్పినప్పుడు, డ్రెయిన్‌కు సక్షన్ పెట్టినప్పుడు బీపీ ఒక్కసారిగా పడిపోతుంది, మెడ నరాలు ఉబ్బుతాయి. మంచం దగ్గర తీసిన ఒక్క ఎక్స్‌రేలో గుండె నీడ ఖాళీ వైపుకు తిరిగి, గుండ్రంగా ఉబ్బి కనిపిస్తే చాలు. సీటీకి తీసుకుపోయే సమయం అక్కడ ఉండదు. రోగిని ఆపరేషన్ జరిగిన వైపు పైకి వచ్చేలా తిప్పి, నేరుగా థియేటర్‌కు తీసుకెళ్ళాలి. ఫిస్టులాలో ఏ వైపు కిందికి ఉండాలో, ఇక్కడ అదే వైపు పైకి ఉండాలి. ఒకే వార్డులో, ఒకే ఆపరేషన్ అయిన రోగులకు చేయాల్సిన పని ఇలా పూర్తిగా ఎదురవుతుంది. ఎక్స్‌రేను సరిగ్గా చదవడం ఎందుకింత ముఖ్యమో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

గొట్టం, గాలి, పడుకోబెట్టి తీసిన ఫిల్ము

లోబెక్టమీ తర్వాత పరిస్థితి వేరు. అక్కడ మిగిలిన లోబ్‌లు విచ్చుకుని ఖాళీని నింపాలి. అందుకే ఛాతీలో డ్రెయిన్ గొట్టం పెట్టి, రెండో కొసను నీళ్ళ సీసాలో ముంచి, గాలి బయటకు పోయేలా, లోపలికి రాకుండా చూస్తారు. తొలి ఎక్స్‌రేలో ముందు చూసేది ఈ గొట్టాన్నే. దాని పొడవునా ఎక్స్‌రేలో కనిపించే ఒక గీత ఉంటుంది. చివరి పక్క రంధ్రం ఉన్న చోట ఆ గీత తెగి కనిపిస్తుంది. ఆ తెగిన చోటు ఛాతీ లోపల ఉండాలి. పక్కటెముకల బయట, చర్మం కింద ఉందంటే గొట్టం జారిందన్నమాట. అలాంటప్పుడు సీసాలో బుడగలు వస్తున్నా ఊపిరితిత్తి విచ్చుకోదు, గాలి చర్మం కిందకు పాకి ఛాతీ, మెడ, ముఖం ఉబ్బుతాయి. ఉబ్బిన చోట వేలితో నొక్కితే చిటచిటలాడుతుంది. ఎక్స్‌రేలో ఛాతీ కండరాల పోగుల మధ్య నల్లటి చారలుగా వస్తుంది.

ఊపిరితిత్తి కోత అంచుల నుంచి కొన్నాళ్ళు గాలి కారడం మామూలే. అయిదు రోజులు దాటినా ఆగకపోతే దాన్ని ఎక్కువ కాలపు గాలి లీకు అంటారు. ఆసుపత్రిలో రోజులు పెరగడానికి అన్నిటికంటే సాధారణ కారణం ఇదే. దీన్ని తేల్చేది ఎక్స్‌రే కంటే సీసాలోని బుడగలే. ఇప్పుడు కొన్ని చోట్ల గాలి నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్లు కారుతోందో చూపే డిజిటల్ పరికరాలు కూడా వాడుతున్నారు.

ఐసీయూలో లేవలేని రోగికి మంచం మీదే పోర్టబుల్ మెషీన్‌తో ఫిల్ము తీస్తారు. ఈ ఫిల్ము బాగా మోసం చేస్తుంది. నిలబడ్డ మనిషిలో ఊపిరితిత్తి చుట్టూ చేరిన గాలి పైకి, భుజం కిందికి పోతుంది, అక్కడ సన్నని తెల్ల గీతగా ఊపిరితిత్తి అంచు కనిపిస్తుంది. వెల్లకిలా పడుకున్న రోగిలో అన్నిటికంటే ఎత్తైన చోటు ఛాతీ ముందు భాగం, కింది అంచు. గాలి అక్కడికి చేరి, డయాఫ్రమ్ పక్క మూల మామూలుకంటే లోతుగా, నల్లగా కనిపిస్తుంది. ఆ గుర్తు తెలియని కళ్ళకు ఆ ఫిల్ము శుభ్రంగా ఉన్నట్టే ఉంటుంది. మరోవైపు వీపు చర్మం ముడతపడితే ఆ గీత ఊపిరితిత్తి అంచులాగే కనిపించి, లేని గాలిని ఉన్నట్టు భ్రమ కలిగిస్తుంది. చర్మం ముడత గీత ఛాతీ బయటి దాకా సాగిపోతుంది, దాని అవతల కూడా రక్తనాళాల గీతలు కనిపిస్తాయి. అలా రెండింటినీ వేరు చేస్తారు.

ఈ లోటును చాలావరకు పూడుస్తున్నది అల్ట్రాసౌండ్. ఊపిరి తీసుకున్నప్పుడల్లా ఊపిరితిత్తి పైపొర ఛాతీ గోడ లోపలి పొర మీద జారుతుంది. ప్రోబ్‌ను పక్కటెముకల మధ్య పెడితే ఆ జారడం తెర మీద మెరుస్తూ కదలాడుతుంది. మధ్యలో గాలి చేరితే ఆ కదలిక ఆగిపోతుంది. గాయపడి ఎమర్జెన్సీకి వచ్చినవారిపై జరిగిన అధ్యయనాలను వైద్య అధ్యయనాలను బేరీజు వేసే అంతర్జాతీయ సంస్థ కోక్రేన్ సమీక్షకులు 2020లో క్రోడీకరించారు. ఛాతీలో చేరిన గాలిని అల్ట్రాసౌండ్ 91 శాతం కేసుల్లో పట్టింది, పడుకోబెట్టి తీసిన ఎక్స్‌రే 47 శాతం కేసుల్లోనే పట్టగలిగింది. సర్జరీ అయిన ఛాతీకి ఈ అంకెలను యథాతథంగా అన్వయించకూడదు. న్యుమోనెక్టమీ అయిన పక్క ఊపిరితిత్తే లేదు, జారడానికేమీ ఉండదు. అతుకులు పడినా, టాల్క్ పొడి చల్లి పొరలు అంటించినా కదలిక ఉండదు. చర్మం కింద గాలి పాకితే శబ్ద తరంగాలు లోపలికే పోవు.

ద్రవం విషయంలో మాత్రం అల్ట్రాసౌండ్‌కు సాటి లేదు. నిలబెట్టి తీసిన ఎక్స్‌రేలో డయాఫ్రమ్ మూల మొద్దుబారాలంటే దాదాపు 200 మిల్లీలీటర్ల ద్రవం చేరాలి. మనవాళ్ళు నెమ్ము చేరింది అనేది ఆ స్థితినే. అల్ట్రాసౌండ్ అంతకంటే చాలా తక్కువ ఉన్నప్పుడే చూపిస్తుంది. అది పలుచటి నీరా, గదులు గదులుగా కట్టుకున్న చీమా అన్నదీ కొంతవరకు చెబుతుంది. సూది ఎక్కడ గుచ్చాలో చూసుకుంటూ గుచ్చవచ్చు. దీనికి రేడియేషన్ ఉండదు, రోగిని మంచం నుంచి కదపనక్కర్లేదు. మెడ నుంచి డయాఫ్రమ్‌కు వచ్చే ఫ్రెనిక్ నరం ఆపరేషన్‌లో దెబ్బతింటే ఆ వైపు డయాఫ్రమ్ పైకి లేచి ఉంటుంది. రోగిని ముక్కుతో గట్టిగా ఒక్కసారి గాలి లాగమని, అది కిందికి దిగుతోందా, ఎదురు పైకి పోతోందా అని అల్ట్రాసౌండ్‌లోనే చూసి చెప్పవచ్చు.

మెలిపడ్డ లోబ్

లోబెక్టమీ అయిన రెండు మూడు రోజుల్లో ఎక్స్‌రేలో ఏదో ఒక చోట తెల్లటి పాచ్ కనిపించడం చాలా మామూలు. ఎక్కువసార్లు అది కఫం అడ్డుపడి ముడుచుకున్న భాగం. కోత నొప్పికి రోగి గట్టిగా దగ్గలేడు, లోతుగా ఊపిరి పీల్చలేడు, కఫం లోపలే నిలిచిపోతుంది. ముడుచుకున్న లోబ్ చిన్నదవుతుంది కాబట్టి చుట్టుపక్కలవన్నీ దాని వైపుకు జరుగుతాయి. నొప్పి తగ్గించి, ఫిజియోథెరపీ చేయించి, అవసరమైతే బ్రాంకోస్కోపీతో కఫం లాగేస్తే మర్నాటి ఫిల్ములో ఆ తెలుపు పోతుంది. జ్వరంతో పాటు తెలుపు పెరుగుతూ పోతే న్యుమోనియాగా భావిస్తారు.

అయితే ఆ పాచ్ ముడుచుకోవడానికి బదులు ఉబ్బుతూ ఉంటే? ఇక్కడే ఒక అరుదైన ముప్పు దాగి ఉంటుంది. కుడి పై లోబ్ తీసేశాక, దాని కింద చిన్నదిగా ఉండే మధ్య లోబ్‌కు చుట్టూ ఖాళీ దొరుకుతుంది. దాన్ని పట్టి ఉంచేది సన్నని తొడిమ లాంటి భాగమే. అందులోంచే దాని శ్వాసనాళం, ధమని, సిర పోతాయి. కొమ్మకు వేలాడే కాయ తొడిమ దగ్గర మెలిపడినట్టు, ఆ లోబ్ తన చుట్టూ తాను తిరిగిపోతుంది. సిర ముందు మూసుకుపోతుంది, రక్తం లోపలికి వస్తూ బయటకు పోలేక లోబ్ ఉబ్బుతుంది, తర్వాత ధమని కూడా మూసుకుని కణజాలం చచ్చుబడుతుంది. వందమందిలో ఒక్కరికి కూడా రాని చిక్కు ఇది. అందుకే ఎవరి మనసులోనూ మొదట మెదలదు. న్యుమోనియా అనుకుని యాంటీబయాటిక్ మార్చుకుంటూ కూర్చుంటే లోబ్ కుళ్ళిపోతుంది.

వరుస ఎక్స్‌రేల్లో మధ్య లోబ్ ఉండాల్సిన చోట కాకుండా పైన, వేగంగా పెద్దదవుతున్న తెల్లటి ముద్ద కనిపించడం దీని తొలి సూచన. రక్తనాళాలు వెలిగి కనిపించేలా చేసే కాంట్రాస్ట్ మందు ఎక్కించి తీసిన సీటీలో ఆ లోబ్‌కు పోయే ధమని, శ్వాసనాళం మొదట్లోనే సన్నబడి ఆగిపోయి ఉంటాయి. మిగతా ఊపిరితిత్తి మందుతో వెలిగినంతగా ఆ లోబ్ వెలగదు. న్యుమోనియా పట్టిన లోబ్‌లో రక్తనాళాలు తెరిచే ఉంటాయి, మందు లోపలికి చక్కగా పోతుంది. తేడా ఇంత స్పష్టంగా ఉన్నా, స్కాన్ కాగితం మీద సర్జన్ ఏం తీశారో రాయకపోతే చదివేవారికి ఆ లోబ్ చోటు తప్పిందన్న సంగతే తట్టకపోవచ్చు. ఈ ముప్పు తెలిసిన సర్జన్లు పై లోబ్ తీసిన తర్వాత మధ్య లోబ్‌ను కింది లోబ్‌కు కలిపి కుట్టేస్తారు.

సీటీ ఎప్పుడు, దేని కోసం

ఎక్స్‌రేలో నీడలు ఒకదాని మీద ఒకటి పడతాయి. సీటీ వాటిని పొరలుగా విడదీస్తుంది, పైగా ప్రతి చుక్క సాంద్రతను అంకెలో చెబుతుంది. ఈ యంత్రాన్ని తయారుచేసిన గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్ పేరుతోనే ఆ కొలత ఉంది. నీరు 0, గాలి మైనస్ 1000. ఛాతీలో చేరిన ద్రవం 0 నుంచి 20 లోపు ఉంటే ఊరిన నీరు అనుకోవచ్చు. 35 నుంచి 70 మధ్య ఉంటే గడ్డకట్టిన కొత్త రక్తం. డ్రెయిన్ గొట్టం గడ్డతో పూడుకుపోయి సీసాలోకి ఏమీ రానప్పుడు ఈ అంకె చాలా ఉపయోగం. సీసా ఖాళీగా ఉందని అందరూ ఊరట చెందుతుంటారు, రక్తం లోపల పేరుకుంటూ ఉంటుంది. కాంట్రాస్ట్ మందు రక్తనాళం బయటకు చిమ్ముతున్నట్టు కనిపిస్తే కారుతున్న చోటు కూడా దొరుకుతుంది. ఆ మందు ఎక్కించే ముందు కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ చూస్తారు.

ఆపరేషన్ అయ్యాక ఉన్నట్టుండి ఆయాసం, గుండె దడ, ఆక్సిజన్ పడిపోవడం కనిపిస్తే ఊపిరితిత్తి ధమనిలో గడ్డ చిక్కుకుందేమో చూడాలి. మామూలుగా దీనికి చేసే డీ-డైమర్ రక్తపరీక్ష ఇక్కడ పెద్దగా పనికిరాదు. ఏ పెద్ద సర్జరీ తర్వాతైనా అది పెరిగే ఉంటుంది. అందుకే నేరుగా ఊపిరితిత్తి ధమనులను చూపే సీటీ పల్మనరీ యాంజియోగ్రామ్ చేస్తారు. ఇందులో ఒక తిరకాసు ఉంది. తీసేసిన ఊపిరితిత్తికి పోయే ధమని మొండెంలో రక్తం కదలక చిన్న గడ్డ అక్కడే ఏర్పడటం కద్దు. అది కాళ్ళ నుంచి ఎగిరి వచ్చిన గడ్డ కాదు, చాలావరకు హాని చేయదు. అదే ఎడమ పై లోబ్ తీసినప్పుడు సిర మొండెంలో ఏర్పడే గడ్డ సంగతి వేరు. ఊపిరితిత్తి సిర గుండె ఎడమ గదిలోకి తెరుచుకుంటుంది. అక్కడి గడ్డ విడిపోతే నేరుగా మెదడుకు పోయి పక్షవాతం తెప్పించగలదు. ఆ వైపు మిగిలే సిర మొండెం పొడవుగా ఉండటం దీనికి కారణమని జపాన్ డాక్టర్లు కాంట్రాస్ట్ సీటీలతో చూపించారు. రెండూ మొండెంలోని గడ్డలే. ఏ నాళంలో ఉందన్నదే చికిత్సను మార్చేస్తుంది.

న్యుమోనెక్టమీ తర్వాత రెండు మూడు రోజుల్లో, ఏ ఇన్ఫెక్షన్ లేకుండానే, మిగిలిన ఊపిరితిత్తిలో నీరు చేరి మబ్బు పట్టినట్టు కావడం మరో పెద్ద భయం. ఊపిరితిత్తుల్లో పెద్దదైన కుడిదాన్ని తీసినవారిలో ఇది ఎక్కువ. ఎక్స్‌రేలో మసక కనిపించేసరికే రోగి ఆయాసపడుతుంటాడు. ఐవీ ద్రవాలను తగ్గించి, ఆక్సిజన్ లేదా వెంటిలేటర్‌తో నెట్టుకురావాలి. మరణాల శాతం ఎక్కువే. డ్రెయిన్‌లోంచి పాలలాంటి ద్రవం వస్తే శోషరస నాళం తెగిందని అర్థం. తేల్చేది ద్రవంలోని ట్రైగ్లిజరైడ్ పరీక్ష. నూనె ఆధారమైన లిపియోడాల్ మందును గజ్జల్లోని గ్రంథుల్లోకి ఎక్కించి తీసే లింఫాంజియోగ్రఫీలో కారుతున్న చోటు కనిపిస్తుంది. కొందరిలో ఆ మందుతోనే లీకు మూసుకుపోవడం ఒక అదృష్టం.

ఇన్ని చేయగలిగే సీటీని రోజూ ఎందుకు తీయరని ఇంట్లోవాళ్ళు అడుగుతుంటారు. ఒక్క ఛాతీ ఎక్స్‌రేకు దాదాపు 0.02 మిల్లీసీవర్టుల రేడియేషన్ పడుతుంది. ఛాతీ సీటీకి మామూలుగా 5 నుంచి 7 దాకా. ప్రకృతి నుంచి ప్రతి మనిషికీ ఏడాదికి సగటున అందేది 2.4. ప్రాణాపాయం ఉన్నప్పుడు ఈ లెక్క చూసుకోనక్కర్లేదు. అనుమానం ఏమీ లేకుండా, ఊరట కోసం తీయడానికి మాత్రం అది చాలా ఎక్కువ. ఐసీయూ రోగిని స్కాన్ గదికి తరలించడంలో ఉండే ప్రమాదం దీనికి అదనం.

రోజువారీ ఎక్స్‌రే మీద కూడా ఇప్పుడు పునరాలోచన జరుగుతోంది. ఆపరేషన్ అయిన వెంటనే ఒకటి, డ్రెయిన్ తీశాక ఒకటి, మధ్యలో రోగిలో మార్పు వస్తే ఒకటి చాలని, ఏ ఇబ్బందీ లేనివారికి రోజూ తీసే ఫిల్ము చికిత్సను మార్చడం అరుదని చాలా కేంద్రాలు గుర్తించాయి. ఇది సబబైన దారే. దానికి షరతు ఒక్కటే, రోగి మంచం దగ్గర గమనించే మనిషి ఉండాలి. ఊపిరి వేగం, ఆక్సిజన్, కఫం రంగు, సీసాలో బుడగలు చూసి గంటల్లో మార్పు పట్టగల నర్సులు ఉన్న వార్డులో ఫిల్ములు తగ్గించవచ్చు. నలభై మందికి ఇద్దరు నర్సులున్న వార్డులో ఆ పద్ధతి పేరుతో ఫిల్ములు తగ్గిస్తే ముప్పు ఆలస్యంగా బయటపడుతుంది.

నెలలు, ఏళ్ళ తర్వాత

క్యాన్సర్ కోసం ఆపరేషన్ చేయించుకున్నవారికి తొలి రెండు మూడేళ్ళు ఆరు నెలలకోసారి, తర్వాత ఏడాదికోసారి సీటీ తీయడం ఎక్కువగా పాటించే పద్ధతి. కుట్టిన చోట స్టేపుల్స్ వెంట కొంత మందంగా ఉండటం మామూలు. ఆ మందం ఒక స్కాన్ నుంచి మరో స్కాన్‌కు పెరుగుతూ, గడ్డలా మారుతుంటే అనుమానించాలి. ఇక్కడ కూడా పోలికే ప్రాణం. పెట్ సీటీలో గ్లూకోజ్‌ను ఎక్కువగా పీల్చుకునే చోట్లు వెలుగుతాయి. క్యాన్సర్ వెలుగుతుంది, మానుతున్న గాయం కూడా వెలుగుతుంది. అందువల్ల ఆపరేషన్ అయిన తొలి వారాల్లో పెట్ తీస్తే లేనిపోని టెన్షన్ తప్ప స్పష్టత రాదు. ఛాతీ పొరలు అంటించడానికి టాల్క్ చల్లినవారిలో ఆ చోట్లు ఏళ్ళ తర్వాత కూడా వెలుగుతూనే ఉంటాయి. టాల్క్ వాడారన్న ఒక్క మాట పాత కాగితాల్లో లేకపోవడం వల్ల అనవసరపు బయాప్సీ దాకా వెళ్ళే అవకాశం ఉంది.

కుడి న్యుమోనెక్టమీ అయిన కొందరిలో, ముఖ్యంగా పిల్లల్లో, యువకుల్లో, గుండె మరీ ఎక్కువగా ఖాళీ వైపుకు జరిగి తిరిగిపోతుంది. అప్పుడు మిగిలిన ఎడమ శ్వాసనాళం వెన్నెముకకో, బృహద్ధమనికో ఆనుకుని నలిగిపోయి, క్రమంగా ఆయాసం పెరుగుతుంది. దీన్ని ఆస్తమా అనుకుని ఇన్‌హేలర్లు వాడుతూ పోవడం జరుగుతుంది. సీటీలో నలిగిన చోటు స్పష్టంగా తెలుస్తుంది. ఖాళీ గదిలో సెలైన్ నింపిన సంచిని అమర్చి గుండెను మళ్ళీ మధ్యకు తెస్తే ఊపిరి తేలికవుతుంది.

వీటన్నిటికంటే సులువుగా తప్పించగలిగిన ప్రమాదం ఒకటుంది. హైదరాబాద్‌లోనో, వెల్లూరులోనో న్యుమోనెక్టమీ చేయించుకున్న మనిషి ఏడాది తర్వాత సొంత ఊళ్ళో దగ్గు, జ్వరంతో దగ్గరి ఆసుపత్రికి వెళ్తాడు. ఎక్స్‌రేలో ఒక పక్కంతా తెల్లగా ఉంటుంది. ఆపరేషన్ సంగతి ఎవరూ అడగరు, రోగికి తీసింది ఒక ముక్కో, మొత్తం ఊపిరితిత్తో తెలియదు. నెమ్ము పట్టిందనుకుని సూది గుచ్చి నీరు లాగడానికో, గొట్టం వేయడానికో పూనుకుంటారు. శరీరం నెలల తరబడి నింపుకున్న, సూక్ష్మజీవులు లేని ఆ ద్రవంలోకి ఇన్ఫెక్షన్ చేరితే చీము పడుతుంది. ఆ చీము వదిలించుకోవడానికి నెలల చికిత్స, కొన్నిసార్లు మరో పెద్ద ఆపరేషన్ కావాలి. శ్రద్ధగా చూస్తే ఆ ఎక్స్‌రేలోనే జవాబు ఉంటుంది. నెమ్ము అంతగా నిండితే శ్వాసనాళాన్ని అవతలికి తోస్తుంది. ఊపిరితిత్తి తీసేసిన ఛాతీలో శ్వాసనాళం తెల్లటి వైపుకే లాగి ఉంటుంది, పక్కటెముకలు దగ్గరగా ఉంటాయి, మొండెం దగ్గర స్టేపుల్స్ సన్నని లోహపు గీతగా కనిపిస్తాయి.

అందుకే డిశ్చార్జి రోజున అడిగి తీసుకోవాల్సినవి ఉన్నాయి. ఏ వైపు, ఏ లోబ్, ఎంత భాగం తీశారో తెలుగులో ఒక్క వాక్యంగా రాసిన కాగితం, టాల్క్, ప్యాచ్ లాంటివి వాడారా అన్న వివరం, ఆసుపత్రి వదిలే ముందు తీసిన చివరి ఎక్స్‌రే, స్కాన్‌ల సీడీ. రిపోర్టు కాగితం ఒక్కటే సరిపోదు, పోల్చడానికి బొమ్మే కావాలి. ఎక్స్‌రే ఫిల్ములు కాలం గడిచేకొద్దీ మసకబారతాయి, కాబట్టి వాటిని ఫోన్‌తో ఫొటో తీసి, తేదీతో ఇంట్లో ఇద్దరి దగ్గరైనా ఉంచాలి. ఆ మనిషిని అర్ధరాత్రి క్యాజువాలిటీకి తీసుకెళ్ళేది ఇంట్లో ఎవరో ముందుగా చెప్పలేం.